అవ్వ వాంగ్మూలం

13 సెప్టెంబర్ 2011, మంగళవారం

నేను రాసిన మాటలను ఇయ్యాల మూడు నాలుగు వందల మంది ఒక్క గొంతుతో చదివిండ్రు. నాకు ముందు తెల్వదు. మండలాఫీసు ముంగట టెంటు కింద జనంల నిలబడి ఉన్న. జగదీశ్ సార్ మైకు అందుకొని జేబుల నుంచి కాగితం తీసిండు. మడత చూసి గుర్తుపట్టిన. నా లాంగ్ నోటుబుక్కు కాగితం.

"ఒక్క సంతకం పెట్టం. ఒక్క కాగితం కదలనియ్యం. మా బల్లల మీద దుమ్ము పేరుకున్నా సరే, మా బతుకుల మీది దుమ్ము దులుపుకుంటం."

గుమస్తాలు, పట్వారీలు, అటెండర్లు అందరు చేతులు ముందుకు చాపి సార్ వెనక ఒక్కొక్క మాట చెప్పిండ్రు. దుమ్ము అన్న మాటను రెండుసార్లు వాడుడు కుదిరింది. మొన్న రాసినప్పుడే పదిసార్లు చదువుకున్న. జగదీశ్ సార్ కోరుట్లల నాకు ఇంటర్ రెండేండ్లు తెలుగు చెప్పిండు. నా వ్యాసాలు క్లాసుల నిలబెట్టి చదివించేది. ఇప్పుడు మా మండలం జేఏసీకి ఆయనే పెద్ద.

ప్రతిజ్ఞ అయినంక గేటుకు తాళం వేసిండ్రు. అందరితోని నేను గూడ చప్పట్లు కొట్టిన. చప్పట్లు ఆగినంక యాదికొచ్చింది, నా కులం సర్టిఫికెట్ దరఖాస్తు లోపలనే ఉన్నది.

14 సెప్టెంబర్, బుధవారం

తెలంగాణ కోసం పెట్టిన ఈ సమ్మె నాలుగైదు రోజుల కన్న ఎక్కువ నడువదని అందరు అంటున్నరు. కౌన్సెలింగు ఉన్న అక్టోబర్ 24 దాక మస్తు దినాలున్నయ్.

16 సెప్టెంబర్, శుక్రవారం

జగిత్యాల పోయిన. అక్కడి పెద్దాఫీసుకు గూడ తాళమే. తాళం ముంగట వంట చేస్తున్నరు. ఒకాయన పిలిచి పులిహోర పెట్టిండు. మంచిగుండె.

17 సెప్టెంబర్, శనివారం

ఒకసారి అంతా రాసుకుంటే మనసు నెమ్మదిస్తదని రాస్తున్న. టీటీసీ ఎంట్రెన్సుల నాకొచ్చిన ర్యాంకుకు ఎస్సీ కింద అయితే కరీంనగర్ల సర్కారు సీటు వస్తది. ఎస్సీ కాకుంటే ఎక్కడా రాదు. కౌన్సెలింగు అక్టోబర్ 24, సోమవారం. పదో తరగతిల ఇచ్చిన పాత సర్టిఫికెట్ చెల్లదట, కొత్తది కావాలట. రెండేండ్లు చదివితే టీచర్. మా వాడల టీచర్ అయినోళ్లు ఎవ్వరు లేరు. పెన్ను పట్టుకొని బతికినోళ్లే ఎవ్వరు లేరు.

పొద్దుగాల సార్ ఇంటికి పోయిన. ఊర్మిల మేడం చాయ్ ఇచ్చింది. సార్‌కు, అక్కడ కూసున్న ఇద్దరు లెక్చరర్లకు పింగాణి కప్పులు. నాకు ప్లాస్టిక్ గ్లాసు. ప్లాస్టిక్ గ్లాసు నయం, ఎవలకు కడిగే పని ఉండదు. గడప దగ్గర స్టూలు మీద కూసున్న. అక్కడ గాలి వస్తది.

"సార్, నా సర్టిఫికెట్..."

"ప్రతిజ్ఞ రాసిందే నువ్వు గద కృపా," అన్నడు సార్. లెక్చరర్లు నవ్విండ్రు. "ఉద్యమం అన్నంక ప్రతి ఒక్కరు ఏదో ఒకటి వదులుకోవాలె. ఒక్క యాడాది పోతే ఏమైతది? తెలంగాణ అచ్చినంక మీకు కొలువులే కొలువులు."

ఒక్క యాడాది పోతే ఏమైతది అన్న వాక్యం సార్ ఉపన్యాసంల గూడ ఉన్నది. అది గూడ నేను రాసిందే. రాసినప్పుడు ఆ యాడాది ఎవలది అని అనుకోలేదు.

మాట మార్చనీకి వర్ష ఎట్లున్నది మేడం అని అడిగిన. వర్ష సార్ బిడ్డ, పదో తరగతి దాక నా పక్కనే కూసున్నది. ఇప్పుడు హైదరాబాదుల హాస్టల్ల ఉండి డాక్టరు చదువుకు తయారైతున్నది.

"దానికేంది," అన్నది మేడం. "బయటి గేటుకు తాళం, లోపల క్లాసులు. ఒక్క పూట గూడ పోలే."

సార్ దగ్గిండు. మేడం లోపలికి పోయింది.

హైదరాబాదు సంగతి వేరే ఉంటది.

20 సెప్టెంబర్, మంగళవారం

అన్న సిరిసిల్ల నుంచి వచ్చిండు. నిన్నటి నుంచి బస్సులు బందు. వేములవాడ దాక లారీ, కథలాపూర్ దాక ఎవలదో మోటర్ సైకిల్, అక్కడ నుంచి నడక. కాళ్లు కడుక్కొని అరుగు మీద పండుకున్నడు. అన్న పేరు మహేందర్. నాయిన పోయినప్పుడు ఎనిమిదో తరగతి. అప్పుడు బడి బందు వెట్టి సిరిసిల్లల సాంచల మీద పనికి పోయిండు. బట్ట నేసే ఆ మిషిన్ల చప్పుడుకు అన్నకు ఎడమ చెవి సరిగ వినవడది.

"బొగ్గు బాయిలు బందువెట్టిండ్రు, కరెంటు లేదు. కరెంటు లేకుంటే సాంచ లేదు," అన్నడు. "మీ సార్ జీతం ఆగినా ఆయినకు కథలాపూర్ల భూమున్నది. నా సాంచ ఆగితే నేను గూడ ఆగుడే."

"తెలంగాణ వద్దా నీకు?"

"వద్దంటినా? తెలంగాణ గావాలె. బువ్వ గూడ గావాలె. రెండు అడిగితే తప్పా?"

అవ్వ బీడీలు చేసుకుంట విన్నది. "తెలంగాణ అచ్చినంక తునికాకు మెత్తగైతదా బిడ్డా?" అని నన్ను అడిగింది. అన్న నవ్విండు. అవ్వ నవ్వలేదు. జవాబు కోసం చూసింది.

25 సెప్టెంబర్, ఆదివారం

అవ్వ, నేను చర్చికి పోయినం. అవ్వకు చదువు రాదు, పాటల పుస్తకం మాత్రం పట్టుకుంటది. పాటలన్ని నోటికే వస్తయ్. ఇంట్ల పది మాటలు మాట్లాడని మనిషి అక్కడ అందరి కన్న పై గొంతు ఎత్తుకుంటది. చిన్నప్పుడు నాకు సిగ్గయ్యేది. ఇయ్యాల కండ్లు మూసుకొని విన్న.

వారంల ఆరు దినాలు అవ్వను "ఓ బీడీలామె" అంటరు. ఆదివారం ఆనంద్ పాస్టరయ్య "భూదేవమ్మ గారు, ఒక పాట" అంటడు. నాయినను మోసిందీ, మట్టి చేసిందీ ఆ చర్చోళ్లే.

29 సెప్టెంబర్, గురువారం

జగదీశ్ సార్ దేవుడు. టెంటు దగ్గర కొత్త నినాదాలు రాసిచ్చి వస్తుంటే పక్కకు పిలిచిండు.

"నర్సింగం పట్వారికి చెప్పిన. శనివారం మీ ఇంటికస్తడు. ఎంక్వైరీ చేసి పట్టుకపోతడు. తారీకు సమ్మెకు ముందుది వేస్తరు. ఎవ్వరికి చెప్పకు."

నాకు దండం పెట్టబుద్ధైంది. పెట్టిన గూడ.

"కని నీ పేరుతోని కిరికిరి ఉన్నది," అన్నడు. "కృపారాణి అంటే ఎవలకైనా తెలుస్తది. చర్చికి పోతరని పట్వారి రాసిండంటే ఎస్సీ రాదు. కిరస్తానోళ్లకిచ్చే బీసీ-సి ఇస్తరు. అది నీ ర్యాంకుకు పనికిరాదు. ఇంట్ల ఫోటోలు గిట్ల ఉంటే తీసెయ్యమను. మీ అవ్వకు గూడ చెప్పి పెట్టు."

ఇంటికొచ్చుకుంట ఆలోచించిన. ఒక్క కాగితం కదలనియ్యం అని ప్రతిజ్ఞల రాసిన మాట నిజమే. కని నా దరఖాస్తు సమ్మెకు ముందే ఇచ్చిన. ప్రతిజ్ఞ సమ్మె మొదలైనంక వచ్చే కాగితాల గురించి. నేను ఆ అర్థంతోనే రాసిన.

అవ్వకు ఇంకా చెప్పలేదు. రేపు చెప్త.

30 సెప్టెంబర్, శుక్రవారం

అవ్వకు ఆకు పని మస్తున్నది. చెప్పలేదు. అన్నకు చెప్పిన.

1 అక్టోబర్, శనివారం

పట్వారి పది గంటలకు వస్తనన్నడు. అన్న ఎనిమిదింటికే గోడ మీది ఏసయ్య ఫోటో, చర్చి క్యాలెండర్ తీసి తునికాకు సంచి కింద పెట్టిండు. గోడ మీద ఫోటో మేర తెల్లగ కనవడుతున్నది. దాని మీద పాత చాట తగిలేసిండు. నేను బొట్టు పెట్టుకున్న. అవ్వ అన్నీ చూసింది. ఎందుకని అడగలేదు. వాడల అందరు పట్వారి వచ్చిననాడు ఇదే పని చేస్తరు, అవ్వకు తెల్వంది కాదు. గందుకే నేను చెప్పకున్నా ఏం కాలేదు.

నర్సింగం సార్ వచ్చి మంచం మీద కూసున్నడు. పెద్ద మనిషి, మంచోని లెక్కనే ఉన్నడు. అవ్వను పేరడిగిండు.

"భూదేవి సారు."

"ఇది మంచిగున్నది. మరి బిడ్డకు గా పేరెందుకు వెట్టినవ్?"

"కాన్పు కష్టమైంది. బతికితే చాలని మొక్కిన. బతికింది."

"ఎవలకు మొక్కినవ్?"

అవ్వ ఆకు కత్తిరించుడు ఆపింది. నోరు తెరిచింది. అన్న అందుకున్నడు, "పోచమ్మకు సార్."

పట్వారి అన్న దిక్కు చాలాసేపు చూసిండు. "పోచమ్మ కృపారాణి అని పెట్టుమన్నదారా?" అన్నడు. తనే నవ్విండు. "పాతికేండ్ల నౌకరి నాది. ఈ వాడల ఆదివారం ఎవలు ఏడికి పోతరో నాకు తెల్వదా? నాకు గోడలు జూసే పని లేదు. కాగితం గావాలె. మీ అవ్వ వాంగ్మూలం రాసి ముద్ర ఏయించి ఇయ్యుండ్రి. నీ చేతిరాత మస్తుంటదట గద బిడ్డా, నువ్వే రాయి."

వాంగ్మూలం. ఎంత బరువైన మాట. పుస్తకంల చదివిన గని నా చేతితోని రాస్తననుకోలేదు.

ఆయన మూడు సంగతులు చెప్పిండు. చర్చికి పోం అని, బాప్తిస్మం తీసుకోలేదని, అందరి తీరు పండుగలు చేసుకుంటమని. చదివి వినిపించగా ఒప్పుకొని ముద్ర వేసినదని ఆఖరికి ఉండాలట. ఆ మూడే రాస్తే పొట్టిగ, పేదగ కనవడ్డది. పేజీ నిండ రాసిన. "నా భర్త కీర్తిశేషులు సాంబయ్య హిందువుగా జీవించి, హిందువుగానే మరణించినాడు." అది పట్వారి చెప్పలేదు. నాకే తోచింది. హిందువుగానే అన్న దగ్గర వాక్యానికి బలమొచ్చింది. పట్వారి చదివి తల ఊపిండు. "వకీలు రాసినట్టున్నది," అన్నడు. నాకు సంతోషమైంది. ఎందుకు దాచుడు, సంతోషమే అయింది.

"మీ అవ్వకు సదివి వినిపియ్యి," అన్నడు.

అవ్వ తంబాకు చేతులు కొంగుకు తుడుచుకొని దగ్గరికొచ్చింది. నేను చదివిన. "నా పేరు భూదేవి, సాంబయ్య భార్యను. నా కూతురు కృపారాణికి కులము సర్టిఫికెట్ ఇప్పించవలసినదిగా కోరుచున్నాను."

అక్కడ ఆగిన.

పట్వారి ఇంకు డబ్బ మూత తీసుకుంట ఉన్నడు. అన్న వాకిట్లకు చూస్తున్నడు.

"గంతేనా?" అన్నది అవ్వ.

"గంతే అవ్వా."

అవ్వ వేలు చాపింది. నేనే పట్టుకొని అద్దిన.

నేను అబద్ధం చదువలేదు. చదివిన రెండు ముక్కలు ఆ కాగితంల ఉన్నయ్. మిగతాది ఆఫీసోళ్ల భాష. అవ్వకు అర్థం గూడ కాదు.

పోయేటప్పుడు పట్వారి బండి మీద కూసొని చెప్పిండు, "సద్దుల బతుకమ్మ నాడు మీ అవ్వను గూడ ఆటల నిలబెట్టు. పదిమంది కండ్ల పడాలె. రేపు ఎవడన్నా అర్జి వెడ్తే సాక్షముంటది."

అవ్వ మళ్ల చాట ముందర కూసున్నది. వేలుకున్న నీలం కొన్ని బీడీలకు అంటింది. కార్ఖానల తీసుకోరని వాటిని ఏరి పక్కకు పెట్టింది.

2 అక్టోబర్, ఆదివారం

అవ్వ చర్చికి పోలేదు. మోకాలు నొప్పట. నేను గూడ పోలేదు. సర్టిఫికెట్ చేతికొచ్చే దాక పోకుంటేనే మంచిది. ఈ వారం నొప్పి వచ్చుడు గూడ ఒక తీరుగ మంచిదే అయింది.

4 అక్టోబర్, మంగళవారం

సద్దుల బతుకమ్మ. ఈసారి మండలాఫీసు ముంగట రోడ్డు మీదనే ఆడిండ్రు. నడుమ పెద్ద బతుకమ్మ మీద జై తెలంగాణ అని గడ్డి పూలతోని రాసిండ్రు. ఊర్మిల మేడం మైకుల పాట చెప్పింది. అవ్వను తీసుకపోయి వరుసల నిలబెట్టిన. నర్సింగం సార్ టెంటు కింద కుర్చీల కూసొని చూసిండు.

అవ్వ అందరితోని వంగింది, చప్పట్లు కొట్టింది, చుట్టు తిరిగింది. పాడలేదు. చుట్టు తిరుగుతుంటే ఒకసారి నా ముంగటికొచ్చింది. నేను ఎటో చూసిన.

6 అక్టోబర్, గురువారం

దసరా. అన్న జమ్మి ఆకు తెచ్చి అవ్వ చేతుల పెట్టి కాళ్లు మొక్కిండు. ఏం చదువుకోవాల్నో తోచలేదు. పుస్తకాలన్ని అయిపోయినయ్.

9 అక్టోబర్, ఆదివారం

అవ్వకు మోకాలు నొప్పి.

12 అక్టోబర్, బుధవారం

వచ్చింది. సర్టిఫికెట్ వచ్చింది.

నర్సింగం సార్ ఇంటికి రమ్మని కబురు చేసిండు. ముంగట తలుపు పెట్టి ఉన్నది, మీద సమ్మె కాగితం అంటించి ఉన్నది. వెనక వాకిట్లకు రమ్మన్నరు. అక్కడ పన్నెండు జతల చెప్పులు, బూట్లు ఉన్నయ్. లోపల భూముల పాసుబుక్కులు, మ్యాపులు. అందరు టెంటు కింద నాకు కనవడేటోళ్లే. ప్రతిజ్ఞ నాడు మొదటి వరుసల చెయ్యి చాపిన ఒకాయన నన్ను చూసి, "నువ్వు గూడ అచ్చినవా బిడ్డా," అన్నడు. ఏదో పెండ్లికి వచ్చినట్టు. నేను ఔనన్న.

అంటే ఒక్క కాగితం గూడ ఆగలేదు. తాళం చూసి వాపసు పోయినోళ్లయే ఆగినయ్. నేను సార్‌ను పట్టుకోకుంటే నాది గూడ ఆగునే గద. ఇది తలకాయల తిరుగుతున్నది. ఇయ్యాల సంతోషంగ ఉండాలె, తర్వాత ఆలోచిస్త.

సర్టిఫికెట్ల తారీకు సెప్టెంబర్ 12 ఉన్నది. హిందూ అని ఉన్నది. సార్‌కు చూపెట్టనీకి తీసుకపోయిన. సార్ రెండు దిక్కుల చూసి బీరువల పెట్టిండు. "మీ ఇల్లు కురుస్తది, నా దగ్గర భద్రంగ ఉంటది. పొయ్యేనాడు తీసుకపో," అన్నడు. మా ఇల్లు కురుసుడు నిజమే. వానలు పోయి చానా రోజులైంది, అది గూడ నిజమే. సార్‌కు నా మీద అంత శ్రద్ధ.

16 అక్టోబర్, ఆదివారం

అవ్వకు మోకాలు. నిన్న బీడీల గంప ఎత్తుకొని కార్ఖానకు పోయి వచ్చింది. అక్కడ నిలబడ్డది గూడ. నిన్న నడిచిన నొప్పి ఇయ్యాల లేచి ఉంటది.

18 అక్టోబర్, మంగళవారం

బస్సులు నడుస్తున్నయ్. బడులు తెరిచిండ్రు. అన్న సిరిసిల్ల పోయిండు. పొయ్యేటప్పుడు నాతోని సరిగ మాట్లాడలేదు. "సీటు అచ్చినంక ఫోన్ చెయ్యి," అన్నడు. బస్సు ఎక్కి మళ్ల దిగివచ్చి, "అవ్వను జూసుకో," అన్నడు. చూసుకుంటనే ఉన్న గద.

19 అక్టోబర్, బుధవారం

ఎట్ల విన్ననో అట్ల రాస్త. తర్వాత మార్చి రాసుకుంటనేమోనని భయం.

మాపటీలి ఆనంద్ పాస్టరయ్య వచ్చిండు. నేను లోపల బియ్యం ఏరుతున్న. అవ్వ అరుగు మీద బీడీలు చేస్తున్నది.

"మూడు ఆదివారాలైంది, పానం మంచిగున్నదా భూదేవమ్మ గారు?"

"మంచిగనే ఉన్న అయ్యగారు."

"మోకాలు నొప్పని ఎవలో అన్నరు."

"నొప్పి లేదు."

 కత్తెర చప్పుడే వినవడ్డది.

"పట్వారికి ఏలుముద్ర ఏసిచ్చిన అయ్యగారు," అన్నది అవ్వ. "చర్చికి పోం అని. ఏసినంక అచ్చి మీ ముంగట కూసుంటే, ఆయినకు ఒక మాట, మీకు ఒక మాట అయితది."

"అమ్మా, అందరు ఏసిస్తున్నదే గద అది. పిల్లల సదువు కోసం. దేవునికి తెల్వదా?"

"అందరి సంగతి నాకెందుకు. ముద్ర నాది. మీరు నా పేరు తీసెయ్యుండ్రి."

"పేరు తీసుడుండది."

"అయితే పిలువకుండ్రి. పిలిస్తే రాబుద్ధైతది."

పాస్టరయ్య నీళ్లు అడిగిండు. నీళ్లు తాగి పోయిండు.

నేను బయటికొచ్చిన. బియ్యం చాట చేతులనే ఉన్నది. అవ్వనే అన్నది, "బియ్యంల రాళ్లున్నయా?"

"కాగితంల ఏమున్నదో నీకెట్ల తెలుసవ్వా?"

"పేజి నిండ రాసినవ్. కిందికెల్లి మీదికి అచ్చరాలే. సదివింది రెండు ముక్కలు. నాకు సదువు రాదు గని కండ్లు కనవడ్తయ్ గద బిడ్డా."

ఆ తెలివి నాకు లేకపాయె. పన్నెండేండ్లు చదివిన, చదువు రాని మనిషికి పేజీ గూడ కనవడదనుకున్న.

"మరెందుకు ఏసినవ్?"

"నువ్వు టీచరమ్మవైతే మంచిదే గద."

చర్చికి పో అవ్వా, ఎవ్వరు చూడరు, నేను రాసిన తప్పుకు నువ్వెందుకు అని ఏమేమో అన్న. అవ్వ ఆకు చుట్టుకుంటనే విన్నది. ఆఖరికి ఒక్కటి అడిగింది.

"నాయిన సంగతి గూడ రాసినవా?"

చెప్పిన. మొత్తం అదే వాక్యం చెప్పిన. వేరే మాటలు దొరకలేదు.

అవ్వ చాట పక్కకు పెట్టింది. పని చేసే వేళల అవ్వ చాట పక్కకు పెట్టుడు నేను నాయిన పోయిననాడు చూసిన, మళ్ల ఇయ్యాల చూసిన. అన్నది, "మంచిగనే రాసి ఉంటవ్. నీ రాత మంచిగుంటదని అందరంటరు."

20 అక్టోబర్, గురువారం

ఏం రాయబుద్ధైతలేదు.

21 అక్టోబర్, శుక్రవారం

సర్టిఫికెట్ తెచ్చుకుందామని సార్ ఇంటికి పోయిన. వర్ష వచ్చి ఉన్నది. సార్ మంచి హుషారుల ఉన్నడు.

"ఆదివారం సభ ఉన్నది కృపా. సమ్మెల చదువు నష్టపోయిన బీద విద్యార్థిని ఒకరు మాట్లాడాలె. నువ్వు రాయి. వర్ష చదువుతది. దానికి మైకు అలవాటు."

"నా సర్టిఫికెట్ ఇస్తరా సార్?"

"ఆదివారం సభ అయినంక తీసుకపో."

"సోమవారం పొద్దుగాల మొదటి బస్సు సార్."

"ఆదివారం సోమవారానికి ముందే అస్తది గద," అన్నడు సార్. నవ్విండు.

నేను గడప దగ్గర కూసున్న. గాలేం వస్తలేదు. కాగితం అడిగి అక్కడనే రాసిన. పాడు చేసి రాద్దామనుకున్న. చెయ్యికి రాలేదు. సాంచ ఆగిన అన్న, బీడీలు చేసే తల్లి, తాళం వెనక పడ్డ దరఖాస్తు, అన్నీ వరుసగ వచ్చినయ్. అర్ధ గంటల అయింది. బాగ వచ్చింది.

వర్ష నిలబడి చదివి చూసుకున్నది. "ఎంత మంచిగ రాసినవే," అన్నది. నిజంగనే అన్నది, వర్షకు కపటం తెల్వదు. "'మా అన్నకు చెవి వినవడదు' అన్న దగ్గర కొద్దిగ ఏడుపు గొంతు పెట్టాల్నా?"

"నీ ఇష్టం," అన్న.

"సార్, రాసిచ్చిన గద. ఇప్పుడే ఇయ్యుండ్రి."

సార్ నా దిక్కు కొత్తగ చూసిండు. "నమ్మకం లేదా?"

 నేను స్టూలు మీద నుంచి లేవలేదు. మేడం లోపల చాయ్ గ్లాసులు సర్దుతున్న చప్పుడు వినవడ్డది. సార్ లేచి బీరువ తీసి కాగితం ఇచ్చిండు. చాయ్ వచ్చే లోపల లేచి వచ్చిన.

22 అక్టోబర్, శనివారం

సర్టిఫికెట్, మార్కుల మెమోలు, ర్యాంకు కార్డు ప్లాస్టిక్ కవర్ల పెట్టుకున్న. సోమవారం మొదటి బస్సుకు జగిత్యాల, అక్కడ నుంచి కరీంనగర్. సీటు వస్తది. అందరు అంటున్నరు, నాకు గూడ తెలుసు.

రెండు రోజుల నుంచి ఒక్కటే ఆలోచిస్తున్న. నర్సింగం సార్ దగ్గరికి పోయి ఆ వాంగ్మూలం అబద్ధం, మా అవ్వకు నేను చదివి వినిపించలేదు, వాపసు ఇయ్యుండ్రి అని చెప్పవచ్చు. చెప్తే అవ్వ చర్చికి పోతది. సీటు పోతది. నేను చెప్పను. ఇది రాయనీకి పొద్దటి నుంచి పెన్ను పట్టుకొని కూసున్న. మెత్తగ రాద్దామని, చుట్టు తిప్పి రాద్దామని చూసిన. నేను చెప్పను. టీచర్ని అయినంక చెప్త అని రాసి కొట్టేసిన. అప్పుడు గూడ చెప్పను, నౌకరి పోతది.

అవ్వకు ఈ సంగతి తెలుసు. నన్ను ఏం అడగలేదు. సోమవారం బస్సుల తిననీకి ఏం కట్టియ్యాలె అని మాత్రం అడిగింది.

రేపు ఆదివారం. సభకు పోను. వర్ష చదువుతది, జనం ఏడుస్తరు, నేను ఉండే పని లేదు.

చర్చి కిటికీలు రోడ్డు దిక్కున్నయ్. ప్రార్థన టైముల తెరిచే ఉంటయ్. రోడ్డు సర్కారుది. రోడ్డు మీద నిలబడి వినం అని ఆ వాంగ్మూలంల ఎక్కడా లేదు. నాకు తెలుసు, రాసింది నేనే. చర్చికి పోం అన్న మాటకు అడ్డం రాదు, ముద్రకు గూడ అడ్డం రాదు. అవ్వకు ఇట్ల చెప్తే ఒప్పుకుంటదేమో.

తొమ్మిదింటికి మొదటి పాట. పొద్దుగాల ఐదింటికి లేచి నీళ్లు పడ్త, ఆకు నానబెడ్త, అవ్వకు పని మిగలకుండ చేస్త. ఎనిమిదింటికి ఆదివారం కట్టుకునే చీర తీసి మంచం మీద పెడ్త. వస్తే ఇద్దరం పోయి రోడ్డు అవతలి పక్కన నిలబడ్తం. రాకుంటే నేనొక్కదాన్నే నోటుబుక్కు పట్టుకొని పోత. ఏ పాటలు పాడిండ్రు, పాస్టరయ్య ఏం చెప్పిండు, ఎవలు ఎవల కోసం ప్రార్థన చేసిండ్రు, వరుసగ రాసుకొని వచ్చి అవ్వ ముంగట కూసొని చదువుత. పేజీ నిండ ఎంతుంటే అంత.